నోట మాట రాని మొదటి రోజు

మా సంఘంలో కొత్త కోడళ్ళకి, పసిబిడ్డల తల్లులకి పెద్దవాళ్ళు తోడుగా ఉండే పరిచర్య మొదలుపెడదామంటే, "నాకు మాట్లాడటం రాదమ్మా" అన్నవాళ్ళే ఎక్కువ. తీతు పత్రిక రెండో అధ్యాయం అందరికీ తెలుసు, ముందుకొచ్చేవాళ్ళే లేరు! అందుకే వాళ్ళకి మేరీ సమ్నర్ గారి సంగతి చెప్పాను.

ఆవిడ ఇంగ్లండులో ఓల్డ్ ఆల్రెస్‌ఫోర్డ్ అనే పల్లెలో పాస్టరమ్మ. 1876లో పెద్ద కూతురికి బిడ్డ పుట్టినప్పుడు, తను మొదటిసారి తల్లయిన రోజుల భయం గుర్తొచ్చింది ఆవిడకి. ఊళ్ళోని తల్లుల్ని, ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి తన ఇంటికే పిలిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. తీరా అందరూ వచ్చి కూర్చున్నాక ఆవిడకి నోట మాట రాలేదు. వచ్చే వారం రమ్మన్నారు. వాళ్ళు వచ్చారు, ఈసారి ఆవిడ మాట్లాడారు. మదర్స్ యూనియన్ మొదలైంది అలాగే. 1885లో పోర్ట్స్‌మత్ చర్చి మహాసభలో ఆవిడ మాట్లాడాకే అది మిగతా ఊళ్ళకి పాకింది.

నాకు నచ్చనిదీ ఒకటుంది. విడాకులైన ఆడవాళ్ళని 1970ల దాకా అందులో సభ్యులుగా చేర్చుకోలేదు. తోడు ఎక్కువ కావలసింది వాళ్ళకే కదా! అలాగని మేమేం గొప్పవాళ్ళం కాదు. పేర్లు రాసుకుంటూ, భర్తకి దూరంగా ఉంటున్న ఒకమ్మాయి దగ్గర మేమూ ఆగిపోయాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మాట్లాడటం రాదన్న పెద్దావిడే, "ఆ పిల్లని నాకు రాయండి" అన్నారు.