నర్సీపట్నం నీడ, రేడియో కాలం

రేడియోలో వార్తలకు ముందు కాలసంకేతం వినగానే గోడగడియారం ముల్లు సరిచేసుకోవడం మన ఇండ్లలో పాత అలవాటు. ఆ సంకేతం ఏ కాలాన్ని చెబుతున్నదని అడిగితే భారత ప్రామాణిక కాలమని పిల్లలు సైతం బదులు చెప్పగలరు. కాని ఆ కాలానికి ఒక చోటు ఉన్నదనే మాట మనకు తరచు స్ఫురించదు. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల మీద సూర్యుని సగటు గమనం ఎట్లుంటుందో అదే దేశమంతటికీ కాలం. ఈ రేఖకు గుర్తుగా పాఠ్యపుస్తకాలు ఉత్తరాదిన ఉన్న మీర్జాపురాన్ని పేర్కొంటాయి. అదే రేఖ దక్షిణానికి దిగివచ్చి అన్నవరానికి కొంచెం తూర్పుగా, తునికి కొంచెం పడమరగా మన తీరాన్ని దాటి సముద్రంలో ప్రవేశిస్తున్నది. నర్సీపట్నం దానికి తూర్పున డిగ్రీలో తొమ్మిదవ వంతు దూరంలో మాత్రమే ఉన్నది.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన నర్సీపట్నపు సొంత కాలానికీ, రేడియో చెప్పే కాలానికీ వ్యత్యాసం 27 సెకన్లు. మన పెద్దల లెక్కలో చెప్పాలంటే విఘడియకు మించి రవ్వంత. హైదరాబాదులో ఇదే వ్యత్యాసం 16 నిమిషాలు. జైపూరులో 27 నిమిషాలు. పడమటి కొసన ద్వారకలో 54 నిమిషాలు. ఆ ఊళ్ళలో నీడగడియారం నిలిపినవారు దాని ప్రక్కన ఈ అంకెను కూడ చెక్కించుకోక తప్పదు. నర్సీపట్నం వారికి ఆ బాధ లేదు. దేశంలో నీడగడియారం కట్టుకోవడానికి ఇంతకన్న అనుకూలమైన ఊళ్ళు కొద్ది.

ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వం ప్రతి ఊరికీ తన మధ్యాహ్నం తనదే. సూర్యోదయం మొదలు మరల సూర్యోదయం వరకు 60 ఘడియలు; ఘడియకు 24 నిమిషాలు. రాత్రివేళ, మబ్బువేళ అడుగున సన్నని రంధ్రం గల రాగిగిన్నెను నీటిపై విడిచి, అది మునిగే వ్యవధిని ఘడియగా లెక్కించేవారు. ఎండ ఉన్నంతసేపూ శంకువే గడియారం. పన్నెండంగుళాల నిలువు పుల్ల శంకువు. దాని నీడతో దిక్కును, దేశాన్ని, కాలాన్ని మూడింటినీ నిర్ణయించే పద్ధతులను సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారంలో చెప్పినది. పగలు, రాత్రి సమానమైన నాడు మధ్యాహ్నం ఈ శంకువు నీడ ఎన్ని అంగుళాలో అదే ఆ ఊరి పలభ. నర్సీపట్నం ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 40 నిమిషాలు కనుక ఇక్కడి పలభ 3 అంగుళాల 49 వ్యంగుళాలు. ఒక్క పుల్ల, ఒక్క మధ్యాహ్నం చాలు, ఊరి అక్షాంశం చేతికి వస్తుంది. పంచాంగంలో పలభ అనే మాటను చూచి దాటిపోయేవారు ఈ సంగతిని గమనించవలెను.

మన ప్రాంతంలో పాశ్చాత్య పద్ధతిని అనుసరించి కాలాన్ని కొలిచిన మొదటి ప్రయత్నం విశాఖపట్నంలో జరిగినది. గోడే వెంకట జగ్గారావుగారు 1817లో జన్మించిన సంపన్నులు. మద్రాసు నక్షత్రశాలలో టేలరు దొర వద్ద ఖగోళవిద్య నేర్చుకొని, 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్సులో తమ సొంత సొమ్ముతో నక్షత్రశాల నిర్మించారు. ఓడలకూ, పురజనులకూ వేళ తెలియడానికి డాల్ఫిన్ నోస్ కొండపై జెండా సంకేతం ఏర్పడినది. ఆయన 1856లో గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని చేపట్టి 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోయిన దృశ్యాన్ని అక్కడినుండే పరిశీలించారు. జమీందారుల సొమ్ము ఏయే దారుల పోయినదో మనకు తెలియనిది కాదు. కొంత దుర్భిణుల పాలైనందుకు సంతోషించవచ్చును.

అదే కాలంలో రైళ్ళకు వేరొక లెక్క ఉండేది. దేశంలోని రైలుమార్గాలు మద్రాసు కాలాన్ని పాటించేవి. నర్సీపట్నంలో సగటు సూర్యుడు పన్నెండు కొట్టేసరికి మద్రాసు గడియారం ఇంకా 9 నిమిషాలకు పైగా వెనుకబడి ఉండేది. రైలు అందుకోదలచిన వాడికి ఎండపొడను నమ్మితే వేచి ఉండడమే తప్ప నష్టం లేదు. మద్రాసుకు పడమటనున్న ఊళ్ళవారికి మాత్రం రైలు తప్పిపోయేది. ప్రామాణిక కాలం ఏర్పడిన తరువాత కూడ కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ సొంత కాలాలను విడువలేదు. ఊరి మధ్యాహ్నాన్ని వదులుకోవడం అంత సులభంగా జరిగిన పని కాదు.

ఇక నర్సీపట్నానికి సమీపంలో మనం చూడదగిన నీడగడియారం అన్నవరంలో ఉన్నది. రత్నగిరిపై సత్యనారాయణస్వామి ఆలయం వద్ద దీనిని 1943లో పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు నెలకొల్పారు. యాత్రికులు దానిని చూచి వేళ సరిపోల్చుకోవడం నేటికీ ఉన్నది. అయితే 1943 అనే ఆ సంవత్సరాన్ని ఎవరూ పట్టించుకున్నట్లు లేదు. అది యుద్ధకాలం. 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు ప్రభుత్వం దేశంలోని గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచినది. అంటే శాస్త్రిగారి గడియారం పని ప్రారంభించిన నాటికి, కొండ ఎక్కివచ్చిన వారి చేతిగడియారాలు నీడకన్న ఇంచుమించు గంట ముందు నడుస్తూ ఉండాలి. రాయి తప్పా, గడియారం తప్పా అని ఆనాడు ఎవరికైనా సందేహం కలిగితే అందులో ఆశ్చర్యం లేదు. రాయిని ఎవరూ కదిలించలేదు. రెండేళ్ళు గడిచాక గడియారాలే వెనుకకు వచ్చి దానితో కలిసినవి. ఆ రేఖకు అన్నవరం పడమరగా ఉన్నది. అక్కడి వ్యత్యాసం 23 సెకన్లు.

అన్నవరం గడియారాన్ని చూచినవారికి మా ఊళ్ళో, మా పాఠశాలలో, మా మేడపై ఇటువంటిది ఉండరాదా అనిపించడం సహజం. నిర్మాణానికి ఇటుక, సున్నం, రాయి దొరుకుతాయి. చిక్కంతా గీతలలో ఉన్నది. బల్లపరుపు పలకపై గంటల గీతలు సమాన దూరంలో ఉండవు. అవి ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతాయి. నర్సీపట్నంలో మధ్యాహ్నరేఖకు 1 గంట గీత 4.65 డిగ్రీల దూరంలో ఉంటుంది. 2 గంటలది 9.94, 3 గంటలది 16.88, 4 గంటలది 27.73, 5 గంటలది 48.56, 6 గంటలది సరిగా 90. పగటి నడుమ గీతలు ఇరుకున పడతాయి; సాయంకాలం ఒక్క గంటలో నీడ 41 డిగ్రీలు తిరుగుతుంది. జైపూరు కొరకు గీసిన పలకలో 3 గంటల గీత 24 డిగ్రీలు దాటి ఉంటుంది, లండను పలకలో 38. అందువలన బజారులో అలంకారానికి అమ్మే ఇత్తడి పలకను తెచ్చి తోటలో పెట్టినవారు అందమైన అబద్ధాన్ని పెట్టుకొన్నవారవుతారు. ఇటువంటివి నేను కొన్ని చూచితిని.

ఈ గీతలను త్రికోణమితి తెలియకుండ వృత్తలేఖిని, కొలబద్దలతో గీసే మార్గం పూర్వం నుండి ఉన్నది. నేడు అదే మార్గాన్ని కంప్యూటరు తెరపై నడపవచ్చును. 2003లో వెలువడిన ఇంక్‌స్కేప్ వంటి చిత్రలేఖన సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తున్నది. ఇంజనీర్ల నమూనాలు గీసే లిబ్రేక్యాడ్ కూడ అట్టిదే. ఇంట కంప్యూటరు చదువుకొన్న పిల్లలుంటే ఒక సాయంకాలంలో ముగిసే పని.

తెరపై ఒక బిందువు పెట్టండి; అది నీడనిచ్చే త్రికోణపు పాదం. అక్కడినుండి పైకి 200 మిల్లీమీటర్ల నిలువు గీత గీస్తే అది మధ్యాహ్నరేఖ. దాని పైకొసన అడ్డంగా పొడవైన గీత ఒకటి గీయవలెను. మధ్యాహ్నరేఖను అదే దిశలో ఇంకా 60.7 మిల్లీమీటర్లు పొడిగించి అక్కడ మరొక బిందువు ఉంచవలెను. 200ను మన అక్షాంశపు జ్యాతో, అంటే 0.3035తో, గుణిస్తే వచ్చినదే ఈ 60.7. వేరే ఊరివారు మార్చుకోవలసిన కొలత గీతలలో ఇదొక్కటే. ఈ పై బిందువు నుండి అడ్డగీత వైపు ఒక గీత దించి, దానికి నకళ్ళు తీసి, ఆ బిందువే కేంద్రంగా ఒక్కొక్కదానిని 15 డిగ్రీల చొప్పున త్రిప్పవలెను. అవి అడ్డగీతను తాకిన చోట్లను క్రింది పాదానికి కలిపితే గంటల గీతలు వచ్చినవి. ఒక ప్రక్క గీసి రెండవ ప్రక్కకు అద్దంలో వలె ప్రతిబింబం తీయమంటే సాఫ్ట్‌వేరు తానే తీస్తుంది.

కాగితంపై గీసిన పూర్వులకు 5 గంటల గీత దగ్గర ఇబ్బంది కలిగేది. అడ్డగీతపై ఆ చోటు నడుమనుండి 226 మిల్లీమీటర్ల దూరాన పడుతుంది, కాగితం చాలదు. తెరపై పుటకు వెలుపల కూడ కావలసినంత చోటు ఉన్నది. గీతను అక్కడిదాక సాగనిచ్చి, పని తీరిన తరువాత పలక అంచు వరకు కత్తిరించవచ్చును. 6 గంటల గీత పాదం గుండా అడ్డంగా పోతుంది. నర్సీపట్నంలో జూను నెలలో సైతం నీడ లెక్కన సూర్యుడు ఉదయం 5 గంటల 28 నిమిషాలకు ముందు కనబడడు కనుక అంతకు వెనుకటి గీతలు వృథా.

మరువరాని అంశం మరొకటి ఉన్నది. నీడనిచ్చే త్రికోణానికి కొంత మందం ఉంటుంది. ఉదయం నీడ దాని ఒక అంచునుండి, సాయంకాలం రెండవ అంచునుండి పడుతుంది. పలక బొమ్మను మధ్యాహ్నరేఖ వెంట రెండుగా చీల్చి, ఆ మందమంత ఎడం విడిచి అతకవలెను. చేతితో గీసినప్పుడు ఇందుకోసం మొత్తం బొమ్మను తిరిగి గీయవలసి వచ్చేది. ఇప్పుడు సగం బొమ్మను పట్టి జరిపితే సరి. త్రికోణం వాలు 17 డిగ్రీల 40 నిమిషాలు. 30 సెంటీమీటర్ల అడుగుకు ఎత్తు 9.6 సెంటీమీటర్లు మాత్రమే. జైపూరులో సవాయి జయసింహుడు కట్టించిన సమ్రాట్ యంత్రపు ఎత్తైన మెట్లను తలచుకొన్నవారికి ఇది చిన్నగా తోచవచ్చును. మన ఊరి ధ్రువనక్షత్రం అంత ఎత్తులోనే ఉంటుంది. వాలు దానివైపు చూడవలెను.

అచ్చు తీయించేటప్పుడు పుటకు సరిపడునట్లు కుదించే ఏర్పాటును తీసివేయమని దుకాణదారుకు చెప్పవలెను. బొమ్మ మూలలో సరిగా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి, అచ్చైన కాగితంపై కొలబద్దతో కొలిస్తే ఆ సంగతి బయటపడుతుంది. కొన్ని వారాలు అట్టముక్కపై కాగితపు గడియారాన్ని పరీక్షించిన పిమ్మటనే నాపరాతిపై చెక్కించడం మంచిది. రాతిపై రబ్బరు పనిచేయదు.

ఇంతవరకు కంప్యూటరు మనకు తోడు. పలకను ఏ దిక్కుకు నిలుపవలెనో తెలిపేది మాత్రం మరల ఆ పాత శంకువే. దిక్సూచిని నమ్మరాదు, అది చూపేది అయస్కాంతపు ఉత్తరం, అదిగాక కాంక్రీటులోని ఇనుపకడ్డీలు దానిని లాగివేస్తాయి. రసమట్టంతో సమం చేసిన నేలపై ఒక వృత్తం గీసి, నడుమ పుల్లను తూకపు గుండుతో నిటారుగా నిలుపవలెను. పూర్వాహ్ణం నీడకొస వృత్తాన్ని తాకుతూ లోపలికి వచ్చిన చోట, అపరాహ్ణం తాకుతూ బయటికి పోయిన చోట గుర్తులు పెట్టి కలిపితే తూర్పు పడమరలు తేలుతాయి. దానికి లంబంగా గీసినదే మన మధ్యాహ్నరేఖ. మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి రోజుల వరకు నర్సీపట్నంలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆ మార్పు జరిగే రెండు దినాలలో శంకువుకు నీడయే ఉండదు. దీనిని చూచి దిక్కు తప్పినదని కంగారు పడనక్కరలేదు.

ఇట్లు నిలిపిన గడియారం కూడ ఏడాది పొడవునా రేడియోతో కలియదు. భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం వలనను, దాని ఇరుసు వాలి ఉండడం వలనను సూర్యుడు కొన్నాళ్ళు వెనుకబడి, కొన్నాళ్ళు ముందు నడుస్తాడు. ఫిబ్రవరి 11 ప్రాంతంలో నీడ 14 నిమిషాలు వెనుకబడుతుంది. మే నడుమ 4 నిమిషాలకు లోపుగా ముందు, జూలై చివర 6 నిమిషాలకు పైగా వెనుక, నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలు ముందు. ఈ అంకెల పట్టికను పలక అంచున చెక్కిస్తే వచ్చినవారు వాదులాడకుండ ఉంటారు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాలలో ఈ తేడా దాదాపు శూన్యం. ఆ నాళ్ళలో నర్సీపట్నం నీడ కాలసంకేతానికి అర నిమిషమైనా తిరగని ముందుచూపుతో నడవవలెను. జూన్, సెప్టెంబరు మబ్బుల పాలు; ఏప్రిల్ ఎండలో మేడపై నిలువలేము. పలకను కార్తికంలో సిద్ధం చేసుకొని, డిసెంబరు 25న సరిచూచుకోవడం సుఖం.