ఆగి ఆగి నడిచిన వైద్యం

1831లో ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు ఒక బండి గుర్రంలో చిత్రమైన సంగతి గమనించాడు. కట్టగానే అది బాగానే పరుగెత్తేది. కొంత దూరం పోయాక వెనక కాలు కుంటేది. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది. తర్వాత కోసి చూస్తే వెనక కాలికి రక్తం మోసుకుపోయే ధమని పూడుకుపోయి ఉంది. 1858లో పారిస్ వైద్యుడు షార్కో ఇదే కుంటును మనిషిలో వర్ణించాడు. పశువైద్యులు పెట్టిన పేరునే ఆయనా ఉంచాడు. ‘ఆగి ఆగి వచ్చే కుంటు’ అని దాని అర్థం. నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే సర్దుకోవడం కాలి ధమనుల జబ్బుకు ఈనాటికీ తొలి గుర్తు. జబ్బు ముదిరితే పడుకున్నా నొప్పే. పుండు మానదు, వేలు నల్లబడుతుంది, చివరికి కాలు తీసేయవలసి వస్తుంది.

నేను వైద్యుణ్ణి కాను. షోలాపూర్‌లో చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఈ జబ్బు మీదికి నా దృష్టి మళ్లడానికి మా ఊరే కారణం. బీడీకి కావలసినవి మూడు: పొగాకు, తునికాకు, చుట్టే చెయ్యి. పొగాకుకు కర్ణాటకలోని నిపాణి పేరుపడ్డది. తునికాకు ఒడిశా, తెలంగాణ అడవుల్లో కోస్తారు. మా ఊళ్లో చుట్టే చేతుల్లో చాలా భాగం తెలుగు ఆడవాళ్లవి. ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి ఈ మూడింటిలో ఏదో ఒకదానితో చుట్టరికం ఉండే ఉంటుంది.

1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ అనే వైద్యుడు, శస్త్రచికిత్సలో తీసేసిన పదకొండు అవయవాలను పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. ఆ రోగులు ముసలివాళ్లు కారు. వారి ధమనులు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయాయి. పెద్ద వయసులో ధమని గోడకు కొవ్వు పేరుకుని వచ్చే పూడిక వేరు, ఇది వేరు. తర్వాతి పరిశోధకులు దీనికి పొగాకుతో ఉన్న ముడిని తేల్చారు. మన దేశంలో బర్గర్ జబ్బు బీడీ తాగేవాళ్లలో ఎక్కువ.

ధమని పూడుకుందని తెలిశాక ఏం చెయ్యాలి? మొదటి జవాబు నరాల వైపు నుంచి వచ్చింది. 1920లలో ఫ్రాన్సులో రెనే లెరీష్, అర్జెంటీనాలో హూలియో డీయెస్ నడుము దగ్గరి సింపథెటిక్ నరాలను తెంచి చూశారు. అలా తెంచితే కాలిలోని సన్న నాళాలు సడలి రక్తం ఎక్కువ పారుతుందని వారి వాదన. కాలు వెచ్చబడేది, నొప్పి కొంత ఉపశమించేది. మన ఆసుపత్రుల్లోనూ ఈ ఆపరేషన్ చాలా ఏళ్లు సాగింది. అయితే అసలు పూడిక ఉన్నచోటనే ఉండేది.

రెండో జవాబు కత్తిది. తెగిన రక్తనాళాలను సూదితో కుట్టి అతకవచ్చునని చూపి అలెక్సిస్ కారెల్ 1912లోనే నోబెల్ బహుమతి పొందాడు. 1946లో లిస్బన్‌లో జువావ్ సిద్ దుస్ సాంతుష్ ధమనిని తెరిచి లోపలి పూడికను గీకి తీశాడు. 1948లో లెరీష్ శిష్యుడు కున్లిన్ మరో దారి పట్టాడు. రోగి కాలి చర్మం కింది పొడవాటి సిరను తీసి, పూడిక పైనా కిందా అతికాడు. కాలువ పూడిన చోట పక్కనుంచి పిల్లకాలువ తవ్వినట్టన్నమాట. బైపాస్ అనే మాట ఇప్పుడు అందరికీ గుండెతోనే గుర్తుకొస్తుంది గాని, సిరతో చేసే ఆ పని కాలిలోనే ముందు నిలదొక్కుకుంది.

మూడో జవాబు 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దొరికింది. ఎనభై రెండేళ్ల ముసలమ్మ. కాలివేళ్లు కుళ్లాయి. కాలు తీయాలని డాక్టర్లంటే ఆమె ఒప్పుకోలేదు. ఎక్స్‌రే విభాగపు వైద్యుడు చార్లెస్ డాటర్ తొడ ధమనిలోకి సన్నని తీగ పంపి, దాని మీదుగా ఒకదానికన్నా ఒకటి లావైన గొట్టాలు జొనిపి, ఇరుకైన చోటును వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది. ఆమె తుదిదాకా తన కాళ్లమీదే నడిచింది. అమెరికాలో సర్జన్లు చాలాకాలం డాటర్‌ను లెక్కచేయలేదు. ఆయన పద్ధతిని యూరప్ అందుకుంది. 1974లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గొట్టాలకు బదులు బెలూన్ వాడాడు. 1977లో గుండె ధమనికి ఎక్కిన బెలూన్ ముందు కాలిలో పని నేర్చుకున్నదే.

ఇంతవరకు ఇది వీరగాథ. ఒక్కొక్కరూ తమ చేతిలో బాగుపడ్డవాళ్లను చూపించారు. చరిత్ర చదివినవాడికి ఇక్కడే అనుమానం రావాలి. నడిస్తే పిక్క పట్టేసే రోగుల్లో చాలామందికి ఏళ్ల తరబడి జబ్బు ముదరదు. కొందరికి పక్క నాళాలు పెరిగి వాటంతట అవే నడక మెరుగవుతుంది. అప్పుడు గుణమిచ్చింది వైద్యమా, కాలమా? ఇది తేలాలంటే ఒకే రకం రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఒకటీ మరో జట్టుకు మరొకటీ ఇచ్చి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

అలాంటి తొలి ప్రయత్నాల్లో ఒకటి 1966లో డెన్మార్క్ నుంచి వచ్చింది. లార్సెన్, లాసెన్ అనే ఇద్దరు పరిశోధకులు కొద్దిమంది రోగులను తీసుకున్నారు. సగం మందిని రోజూ నడవమన్నారు. మిగతావారికి మందు లేని మాత్రలిచ్చారు. కొన్ని నెలల తర్వాత నడిచినవాళ్ల నడక దూరం బాగా పెరిగింది. నడక పూడికను కరిగించదు. ఉన్న రక్తంతోనే కండ ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది.

ఖర్చులేని ఈ వైద్యాన్ని ఖరీదైన వైద్యం పక్కన నిలబెట్టి తూచడానికి మరి నాలుగున్నర దశాబ్దాలు పట్టింది. 2012లో అమెరికాలో వెలువడిన క్లెవర్ పరీక్షలో 111 మంది రోగులు. వారి పూడిక పొత్తికడుపు, తుంటి ప్రాంతపు ధమనుల్లో ఉంది. ఆరు నెలలకు చూస్తే, మందులు మాత్రమే తీసుకున్నవాళ్లు మునుపటికన్నా 1.2 నిమిషాలు ఎక్కువ నడిచారు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు 3.7 నిమిషాలు, దగ్గరుండి నడిపించినవాళ్లు 5.8 నిమిషాలు ఎక్కువ నడిచారు. ఏడాదిన్నరకు స్టెంట్, నడక రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. ఇది పిక్క నొప్పి వరకే. వేలు నల్లబడ్డవాడికి నడకే మందని చెప్పకూడదు. అతన్ని ఆలస్యం లేకుండా సర్జన్ దగ్గరికి తీసుకుపోవాలి.

అలా ముదిరినవాళ్లకు బైపాస్ మేలా, బెలూన్ మేలా? 1,830 మందితో జరిగి 2022లో వెలువడిన బెస్ట్ సీ.ఎల్.ఐ. పరీక్షలో, మంచి సిర ఉన్నవాళ్లకు బైపాస్ మేలని తేలింది. 2023లో బ్రిటన్‌లో ప్రధానంగా సాగిన బాసిల్-2లో 345 మంది. వారికి మోకాలి కింది ధమనులకు కూడా దారి తెరవవలసి ఉంది. ఇక్కడ బెలూన్‌తో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువమంది కాలితోనూ ప్రాణంతోనూ మిగిలారు. రోగులు ఒకే రకం కారు, పూడిక ఒకే చోట లేదు. అందువల్ల జవాబులు రెండయ్యాయి.

మందుల చరిత్రలో ఆశాభంగాలు లేకపోలేదు. కొత్త నాళాలు మొలిపించే జన్యువును పిక్కలోకి ఎక్కించే వైద్యం మీద 1990లలో ఎంతో ఆశ పుట్టింది. 525 మందితో జరిగిన టమారిస్ పరీక్ష 2011లో అది కాళ్లనుగాని ప్రాణాలనుగాని అదనంగా కాపాడలేదని తేల్చింది. అంతకన్నా ముందు, 2002లో, 20,536 మందితో సాగిన బ్రిటిష్ పరీక్షలో కొలెస్టరాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలను సుమారు నాలుగో వంతు తగ్గించింది. వారిలో 6,748 మందికి కాలి ధమనుల జబ్బు ఉంది, వారికీ మేలు జరిగింది. కాలికి జబ్బు వచ్చినవాణ్ణి ఎక్కువగా చంపేది గుండె అని గుర్తుంచుకుంటే ఈ ఫలితం విలువ తెలుస్తుంది.

ఈ పెద్ద పరీక్షలన్నీ ప్రధానంగా కొవ్వు పేరుకున్న ధమనుల మీద జరిగినవి. బీడీ తాగే మన బర్గర్ రోగి వాటిలో దాదాపుగా కనబడడు. అతని కోసం ఒక ప్రయత్నం బెంగళూరులో జరిగింది. ఆరోగ్యవంతుల ఎముక మూలుగ నుంచి పెంచిన మూలకణాలను పిక్క కండలోకి ఎక్కించే స్టెంప్యూసెల్ అనే వైద్యానికి 2020లో భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. దానికి ముందు జరిగిన ఒక పరీక్షలో 90 మందే రోగులు. చీట్లు వేయలేదు. ఎవరికేమిచ్చారో అందరికీ తెలుసు. పుండ్లు మానాయి, నొప్పి తగ్గిందన్నారు. సంతోషించవలసిందే. కాని టమారిస్ చరిత్ర తెలిసినవాళ్లం గనుక పెద్ద పోలిక జరగాలని అడగడం మన హక్కు.

ఆ లోగా బర్గర్ రోగి కాలు నిలబెట్టేదని గట్టిగా చెప్పగలిగినది ఒక్కటే. 1990లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో, పొగ పూర్తిగా మానినవారిలో నూటికి 94 మంది ఏ అవయవమూ పోగొట్టుకోలేదు. మాననివారిలో నూటికి 40 మందికి పైగా వేలో కాలో పోయింది. తగ్గించడం చాలదు, రోజుకు ఒకటి రెండు తాగినా జబ్బు రగులుతూనే ఉంటుంది.

ఈ మాట రాయడం నాకు తేలిక కాదు. నా బడి ఫీజులు కట్టింది బీడీ చుట్టిన చేతులే. ఆ చేతులకు మరో పని చూపకుండా బీడీ మానండని బోర్డు కట్టడం సగం న్యాయమే అవుతుంది. అయితే వేలు నల్లబడినవాడి ఇంట్లో కూడా చుట్టే చేతులే అన్నం పెట్టాలి, మందులూ కొనాలి. అదీ లెక్కలోకి రావాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లు నాలుగడుగులు వేసి పిక్క పట్టుకుని ఆగుతుంటే వయసు అని వదిలేయకండి. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూడమని డాక్టరును అడగండి. చేతిలో వంద ఉన్నప్పుడు కాలిలో తొంభైకి తగ్గితే అనుమానించాలి. ఆ పరీక్షలో కత్తి లేదు, సూది లేదు, పట్టేది కొద్ది నిమిషాలే.