వెనక సగం: మన రోడ్ల మీద టర్బో స్టేషన్ వ్యాగన్ కథ

స్టేషన్ వ్యాగన్ అనే మాటలోని స్టేషన్ రైలు స్టేషనే. అమెరికాలో రైలు దిగినవారిని వారి పెట్టెబేడాతో సహా ఇళ్లకూ హోటళ్లకూ చేర్చే గుర్రపు బండ్లకు ఆ పేరుండేది. ఆ పని మోటారు బండ్లకు వచ్చిన తరువాత పేరు కూడా వాటికే సంక్రమించింది. తొలినాళ్లలో వాటి వెనక భాగమంతా కొయ్యతోనే చేసేవారు. ఇంగ్లండులో ఇదే తరహా కారును ఎస్టేట్ అన్నారు.

మన వైపు చూస్తే, వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన నిజాం రైలు మార్గం 1889 నాటికి వరంగల్లు మీదుగా బెజవాడకు చేరింది. నేనుండే అన్నోజిగూడకు దగ్గరి స్టేషనైన ఘట్‌కేసర్ ఆ మార్గం మీదిదే. రైలు దిగిన మనిషినీ, మూటనూ, మామిడిపండ్ల బుట్టనూ ఒకే బండిలో ఊరికి చేర్చింది జట్కా. ఆ అర్థంలో మన తొలి స్టేషన్ వ్యాగన్ జట్కాయే. మనిషితో పాటు సామానుకూ చోటుండాలన్న అవసరం మనకు కొత్తది కాదు. అయినా ఆ అవసరానికే పుట్టిన కారును మనం ఆదరించలేదు. ఎందుకు ఆదరించలేదు, మిగిలిన కొద్దిపాటి బండ్లు ఎవరి చేతుల మీదుగా బతుకుతున్నాయి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా టర్బో సంగతి. ఇంజను వదిలే వేడి పొగ వృథాగా పోకుండా దానితో ఒక చిన్న చక్రాన్ని తిప్పడం, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న మరో చక్రం గాలిని అదిమి ఇంజనులోకి పంపడం, ఇదే దాని సూత్రం. స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ ఈ ఆలోచనకు 1905లో పేటెంటు పొందాడు. మొదట ఓడలూ విమానాలూ వాడుకున్నాయి. కార్లలోకి 1962లో అమెరికాలో వచ్చింది కాని అప్పుడు నిలదొక్కుకోలేదు. 1970ల చివర సాబ్ సంస్థ దానిని రోజువారీ కారులో పెట్టి నిలబెట్టింది. 1980లో మెర్సిడెస్ సంస్థ 300 టి.డి. ఎస్టేటులో టర్బో డీజిల్ అమర్చడంతో కుటుంబమూ, సామానూ, డీజిల్ పొదుపూ, దూరప్రయాణపు బలమూ ఒకే బండిలో కలిశాయి. యూరపులో మధ్యతరగతి ఇళ్ల ముందు ఆ తరహా కార్లు బారులు తీరాయి.

మన దేశపు కార్లలోకి టర్బో రావడానికి వేగం మీది మోజు ఒక్కటే కారణం కాదు. పొగ నిబంధనల ఒత్తిడి కూడా గట్టిగానే పనిచేసింది. 2000లో దేశమంతటా తొలి యూరో తరహా ప్రమాణాలు అమలయ్యాయి. హైదరాబాదుకు భారత్ స్టేజ్ 2 2003లోనూ, స్టేజ్ 3 2005లోనూ వచ్చాయి. గాలి చాలని చిన్న డీజిల్ ఇంజను నల్లటి పొగ కక్కుతుంది. గాలిని అదిమి పంపితే అదే ఇంజను శుభ్రంగా మండుతుంది, బరువునూ లాగుతుంది. అందుకే ఖరీదైన బండ్ల అలంకారంగా కనిపించిన టర్బో అయిదారేళ్లలో మామూలు కార్ల బానెట్ కిందికి దిగివచ్చింది.

ఎస్టేట్ కార్లు మనకు అంతకు ముందే తెలుసు. అంబాసిడర్‌లో ఎస్టేట్ రూపం ఉండేది. టాటా సంస్థ 1991లో సియెరానూ, 1992లో ఎస్టేట్ అనే పేరుతోనే ఒక పెద్ద డీజిల్ వ్యాగన్‌నూ తెచ్చింది. ఆ తరువాత మారుతి బలెనో ఆల్టురా, ఫియట్ సియెనా వీకెండ్, ఓపెల్ కోర్సా స్వింగ్ వచ్చాయి.  టర్బో డీజిల్‌తో వచ్చినవాటిలో స్కోడా ఆక్టేవియా కోంబి సంపన్నులది. సామాన్యుడికి అందినది 2004లో వచ్చిన టాటా ఇండిగో మరీనా. దాని ఇంజను 1405 సీసీలది. 1998 నాటి ఇండికా ఇంజనుకు ఇది టర్బో తగిలించుకున్న తమ్ముడు.

ఇవేవీ నిలబడలేదు. మరీనా ఆ దశాబ్దం ముగిసేసరికే కనుమరుగైంది. నా దృష్టిలో కారణం యంత్రానిది కాదు, చూపుది. మన మధ్యతరగతి కంట్లో కారు అంటే ముందు ముక్కు, నడుమ గది, వెనక డిక్కీ. డిక్కీ విడిగా కనబడితేనే అది పెద్దకారు. వెనక భాగం పైకప్పు వరకు లేచి ఉంటే అది అంబులెన్సును తలపించింది, లేదా దుకాణానికి సరుకు వేసే బండిని. పెళ్లికొడుకును ఎక్కించడానికి పనికిరాని కారును కొనడమేమిటని పెద్దలు అడిగారు. విచిత్రమేమంటే, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా వచ్చినప్పుడు అదే వెనక భాగాన్ని మరో వరుస సీట్లతో ఆనందంగా కొనుక్కున్నాం. మనం కాదన్నది ఉపయోగాన్ని కాదు, పేరునూ ఆకారాన్నీ.

కొత్తగా ఉన్నప్పుడు ఎవరూ కోరని బండి పాతబడ్డాక చవకగా దొరుకుతుంది. స్టేషన్ వ్యాగన్ చరిత్రలో రెండో అధ్యాయం, అంటే సెకండ్ హ్యాండ్ అధ్యాయం, ఇక్కడే మొదలవుతుంది. 2007 నాటి టర్బో డీజిల్ మరీనాను 2015లో కొన్నాను. పుస్తకాల అట్టపెట్టెలు, బియ్యం బస్తాలు, వెనక సీటు మడిస్తే ఒక చిన్న బీరువా కూడా పట్టే కారు ఆ ధరకు మరొకటి కనబడలేదు.

ఇటువంటి బండిని కొనేవారు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను నిజం చెప్పదు. పొగ రంగు గమనించాలి. నీలి పొగ ఆయిలు మండుతున్నదని, నల్ల పొగ గాలి చాలడం లేదని, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ నీరు లోపలికి పోతున్నదేమోనని సూచిస్తాయి. టర్బోకు గాలి వచ్చే గొట్టం విప్పించి చక్రాన్ని వేలితో కదపాలి. పక్కలకు వెంట్రుకవాసి కదలిక సహజం. ముందుకూ వెనక్కూ ఆడితే, రెక్కల అంచులు గోడకు ఒరుసుకున్న గీతలుంటే ఆ టర్బో అరిగిపోయినట్లే. చివరగా వెనక తలుపు రబ్బరు, దాని కింది రేకు చూడాలి. వాననీరు చేరేది అక్కడే.

నిర్వహణలో ముఖ్యమైనది ఆయిలు. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానిని మోసేది పలుచని ఆయిలు పొర మాత్రమే. ఉప్పల్ నుంచి బోడుప్పల్, నారపల్లి మీదుగా ఎండలో పరుగెత్తించి వచ్చి ఇంటి ముందు తాళం టక్కున తిప్పేస్తే, ఆయిలు ప్రవాహం ఆగి ఇరుసు దగ్గర మిగిలినది మాడి బొగ్గవుతుంది. ఒక నిమిషం ఊరకే తిరగనిచ్చి ఆపితే చాలు. ఆయిలూ ఫిల్టరూ గడువుకు ముందే మార్చాలి. టైమింగ్ బెల్టు చరిత్ర తెలియకపోతే కొన్న వారంలోనే కొత్తది వేయించాలి. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు ఏళ్ల తరబడి సాగడంతో ఆ గుంతలు మా వాహనాల షాకబ్జార్లకు పెట్టిన పరీక్ష వేరే చెప్పాలి. వెనక బరువు మోసే వ్యాగన్‌కు ఆ పరీక్ష రెండింతలు.

అసలు చిక్కు మరొకటుంది. నాచారంలో నా బండి చూసే మెకానిక్ దానిని ఒక్క మాటలో చెప్పాడు: "సార్, ముందలి సామాను ఏడనన్న దొరుకుతది. ఎనక అద్దం పగిలిందనుకో, ఇగ దేవుడే దిక్కు." ఇంజనూ, గేరుబాక్సూ, ముందు తలుపులూ ఇండికా, ఇండిగో కార్లతో సంబంధమున్నవి. వేలాది టాక్సీలుగా తిరిగిన ఆ కార్ల భాగాలు రాణీగంజ్ దుకాణాల్లోనో, వనస్థలిపురం వైపు ఆటోనగర్‌లోనో ఏదో విధంగా దొరుకుతాయి. వెనక తలుపు, దాని అద్దం, పక్క అద్దాలు, వెనక దీపాలు వ్యాగన్‌కే ప్రత్యేకం. అవి చాలా తక్కువగా తయారయ్యాయి, ఇప్పుడు అసలే లేవు. మన సమాజం ఏ సగాన్ని కాదన్నదో ఆ సగమే ముందుగా చరిత్రలో కలిసిపోతున్నది. నాచారం, మల్లాపూర్ లేతు షెడ్లలో చేసి ఇచ్చే చిన్న కీలూ, కొక్కెమూ కొంతవరకు ఆదుకుంటాయి కాని అద్దాన్ని లేతు మీద తిప్పలేము.

ఇక కాగితాలు. ఆర్.సి.లో అప్పు నమోదు తొలగించారా, ఛాసిస్ నంబరు రేకు మీద ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అన్నవి చూసుకుని, 29, 30 ఫారాలతో పేరు మార్పించుకోవాలి. నాకు ఆ కాగితమే ఒక చిన్న శాసనంలా కనబడుతుంది. నంబరు మీది ఏపీ అక్షరాలు 2014 జూన్ 2కు మునుపటివి. ఆ తరువాత టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో నమోదైన బండి ఉన్నచోటే ఉండగా 2016లో మా ఊరు మేడ్చల్ జిల్లాలో చేరింది. అది నడిచే జాతీయ రహదారి కూడా 202 అన్న పాత సంఖ్య పోయి 163 అయింది. రాష్ట్రమూ, జిల్లా, దారి పేర్లు మార్చుకున్నా కారు తన పాత పేరుతోనే తిరుగుతున్నది.

పదిహేనేళ్లు నిండిన కార్ల పునర్నమోదు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. పొగ తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. గొంతు నొప్పితో ఉప్పల్ కూడలి దాటే ఎవరూ తప్పుపట్టలేరు. అయితే పాతదంతా చెడినదేనని లెక్క తేల్చడానికి బదులు, బండిని బండిగా పరీక్షించి తేల్చడం న్యాయం. ఆయిలు సకాలంలో మార్చిన పాత టర్బో, మార్చని కొత్తదాని కంటే శుభ్రంగా ఊపిరి తీస్తుందని నా అనుభవం.

దేవాలయాలకూ కోటలకూ పురావస్తుశాఖ ఉంది. మధ్యతరగతి వాడిన వస్తువులకు అటువంటి శాఖ లేదు. వాటి చరిత్రను కాపాడేది మూడో చేతి యజమానీ, నూనె మరకల చొక్కాతో ఉన్న మెకానిక్కూ మాత్రమే. ఈ దారిలో మరో మరీనా ఎదురైతే, ఆ యజమాని ఎవరో తెలియకపోయినా, నా చూపు మొదట దాని వెనక అద్దం మీదికే పోతుంది.