జీవిత పునరావలోకన చికిత్స

జీవిత పునరావలోకన చికిత్స అనగా వృద్ధులు తమ గతాన్ని బాల్యం నుండి వరుసగా జ్ఞాపకం చేసుకొని, శిక్షణ పొందినవారి సహాయంతో దానిని తిరిగి బేరీజు వేసుకొనే మానసిక చికిత్సా విధానం. ఇంగ్లీషులో దీనిని లైఫ్ రివ్యూ థెరపీ అంటారు. వృద్ధాప్యంలో కలిగే కుంగుబాటును తగ్గించుటకు దీనిని ఎక్కువగా ఉపయోగిస్తారు.

నేపథ్యం

ముసలితనంలో మనసు మారదని, కనుక వృద్ధులకు మానసిక చికిత్స వృథా అని చాలాకాలం భావించేవారు. 50 ఏళ్ళు సమీపించిన లేదా దాటినవారి మనసులో చికిత్సకు కావలసిన మెత్తదనం ఉండదని సిగ్మండ్ ఫ్రాయిడ్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వ్రాశాడు. అప్పటికి ఆయన వయసు కూడా 50కి దగ్గరలోనే ఉండటం విశేషం. ఆయన అనుయాయి కార్ల్ అబ్రహాం 1919లో దీనితో విభేదించి, రోగి వయసు కంటే వ్యాధి మొదలైన వయసే ముఖ్యమన్నాడు. అయినా ఫ్రాయిడ్ మాటే దశాబ్దాలపాటు చెల్లింది.

బట్లర్ సిద్ధాంతం

అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ (1927–2010) అమ్మమ్మ, తాతల వద్ద పెరిగాడు. 1950లలో ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన పరిశోధనలో పాల్గొన్నాడు. పాత సంగతులను పదేపదే చెప్పడం మతి క్షీణతకు గుర్తని అప్పటి వైద్యులు తలచేవారు. తెలుగులో చాదస్తం అనే మాటలోనూ ఈ భావం కొంత ఉన్నది. బట్లర్ దీనిని తిరగవేశాడు. మరణం సమీపిస్తున్నదనే ఎరుక వలన గతం సహజంగానే మనసులోకి వస్తుందని, తెగని పాత చిక్కులతో సమాధానపడటానికి అది అవకాశమని 1963లో ఒక వ్యాసంలో వివరించాడు. వయసు కారణంగా చూపే వివక్షకు 1969లో ఏజిజం అని పేరు పెట్టినది కూడా ఈయనే. వృద్ధుల స్థితిగతులపై వ్రాసిన పుస్తకానికి 1976లో పులిట్జర్ బహుమతి లభించింది.

పద్ధతి

సాధారణంగా వారానికి ఒక గంట చొప్పున ఆరు నుండి ఎనిమిది వారాలు జరుగుతుంది. బాల్యం, యౌవనం, వివాహం, వృత్తి ఇలా ఒక్కొక్క దశ గురించి అడుగుతారు. పాత ఫోటోలు, ఉత్తరాలు తోడ్పడతాయి. నష్టాలు, పశ్చాత్తాపాలు కూడా ప్రస్తావనకు రావలసినదే. డిమెన్షియా ఉన్నవారితో బృందంగా జరిపే జ్ఞాపకాల నెమరువేత దీనికి దగ్గరిదే కాని, అందులో ఆహ్లాదకరమైన విషయాలకే ప్రాధాన్యం. జీవితాన్ని తూచి చూడటం ఉండదు.

జాగ్రత్తలు

గతాన్ని తవ్వటం అందరికీ మేలు చేయదు. ఒంటరిగా ఈ పునరావలోకనలో పడినవారిలో అపరాధభావం, భయం, నిరాశ పెరిగి ఆత్మహత్యకు కూడా దారితీయవచ్చని 1963 నాటి వ్యాసంలోనే బట్లర్ హెచ్చరించాడు. అందుచేత వినేవారు తీర్పు చెప్పకుండా, తొందరపెట్టకుండా వినాలి. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి ఈ చికిత్స ఒక్కటే సరిపోదు, మనోవైద్యుని పర్యవేక్షణ అవసరం.