క్లీనర్ సీటు ఖాళీ అయ్యాక



కొంగునాడులో మన తెలుగు కుటుంబాల చరిత్ర అనగానే మనం నల్లరేగడి, పత్తి, నూలు మిల్లులు అని మొదలుపెడతాం. ఆ కథ చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి స్టీరింగ్ పట్టుకున్న మన వాళ్ళ కథ చెప్పుకుందాం. అందులోనూ ఒక్క సంగతే. నడుస్తున్న బండి దారిలో ఉన్నట్టుండి మొరాయిస్తే ఏం చేయాలో మన వాళ్ళకి ఎవరు నేర్పారు? ఇప్పుడు ఎవరు నేర్పుతున్నారు?

జి.డి. నాయుడు గారి పేరు తెలియని తెలుగిల్లు కోయంబత్తూరులో ఉండదు. 1893లో కలంగల్‌లో పుట్టిన ఆయన మోటారు సైకిల్‌ను విప్పి, మళ్ళీ బిగించి ఇంజను నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. ఆ బస్సు ఆయనే నడిపారు. అదే తర్వాత యు.ఎం.ఎస్. అయింది. ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ కాలంలో డ్రైవరు వేరు, మెకానిక్కు వేరు కాదు. బండి నడపడం వచ్చు అంటే బండి బాగుచేయడం కూడా వచ్చని అర్థం.

అలా ఉండక తప్పదు కూడా. పొల్లాచ్చి దాటితే పట్టరై లేదు, ఫోను లేదు. ఇంజను స్టార్టు చేయాలంటే ముందు నుంచి హ్యాండిల్ తిప్పాలి. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు హ్యాండిల్‌కి అటువైపు చుట్టకుండా, మిగతా వేళ్ళ పక్కనే పెట్టి లాగమని మొదటి పాఠం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషన్ వచ్చింది. బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. బలం చాలక బండి ఎత్తులో ఆగిపోయేది. చక్రం వెనక చెక్క దిమ్మ వేయడానికి ఒక మనిషి దిగి సిద్ధంగా ఉండాల్సి వచ్చేది.

ఆ దిమ్మ పట్టుకున్న మనిషే క్లీనరు. మన చరిత్రలో అసలు డ్రైవింగ్ స్కూలు అతని సీటే.

స్వాతంత్ర్యం తర్వాత నామక్కల్, సంగగిరి, తిరుచెంగోడు చుట్టూ లారీల లోకం పెరిగింది. బాడీ కట్టేవాళ్ళు, పట్టీలు వేసేవాళ్ళు, బోరు బండ్లు నడిపేవాళ్ళు. అందులో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. బడి మానిన పిల్లవాడు క్లీనరుగా ఎక్కేవాడు. కొన్నేళ్ళు స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. బండి ఆగిన ప్రతిచోటా దిగి టైర్లను రాడ్డుతో కొట్టాలి. ఖంగుమంటే గాలి ఉంది, బొత్తుమంటే లేదు. చక్రం నడుమ చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఒక చక్రమే కాలుతోందంటే బ్రేకు పట్టేసిందో, బేరింగు పోతోందో. నట్లు చూడాలి, కమాన్ పట్టీల్లో పగులు చూడాలి, బండి కిందికి వంగి బ్రేకు పైపు తడిగా ఉందేమో చూడాలి, గాలి ట్యాంకులో చేరిన నీళ్ళు వదలాలి.

ఇదంతా చేస్తూనే పక్క సీట్లో కూర్చుని పెద్ద డ్రైవరు చేతులు చూసేవాడు. ఘాటు దిగేముందు ఆయన గేరు ఎందుకు తగ్గించాడో, బ్రేకు మీద కాలు ఎందుకు ఊరికే ఆనించి ఉంచడో చూసేవాడు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అన్నది ఆ సీట్లో నేర్చిన సూత్రం. టైరు పేలితే ఏం చేయాలో అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. పేలినప్పుడు పక్కనే ఉండి చూశాడు, అంతే. ఆ చదువుకి పుస్తకం లేదు, సర్టిఫికెట్టూ లేదు. అందులో తిట్లు, దెబ్బలు, చాలీచాలని కూలి ఉన్నమాట నిజమే. ఆ రోజులు తిరిగి రావాలని మేము అనడం లేదు. కానీ చదువు మాత్రం గట్టి చదువు.

మరి చట్టం ఏం చేసింది? 1914 చట్టంలోనే లైసెన్సు ఉంది. తర్వాత 1939 చట్టం, ఆ తర్వాత 1988 చట్టం. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 31వది డ్రైవింగ్ స్కూళ్ళు నేర్పాల్సిన పాఠాల పట్టిక. మన సభ్యులు ఒకసారి చదవాలి. బండి జారడం, బ్రేకు ఫెయిలవడం, యాక్సిలరేటర్ పెడలు ఇరుక్కుపోవడం, హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోవడం... ఇలాంటి ఆపదల్లో ఢీకొనకుండా ఎలా తప్పించాలో నేర్పాలని అందులో రాసి ఉంది. అంటే క్లీనరు సీటు చదువుని ప్రభుత్వం కాగితం మీదికి ఎక్కించింది. కానీ మన ఊళ్ళలో పిల్లలు స్కూల్లో నేర్చి వస్తున్నదేమిటి? ఎనిమిది తిప్పడం, రివర్సు, ఎత్తులో ఆపి కదిలించడం. బ్రేకు పడకపోతే మొదట ఏం చేస్తావు అని మీ ఇంట్లో కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న పిల్లవాణ్ణి అడిగి చూడండి.

ఇటు కాగితం అలా ఉండగా, అటు సీటు ఖాళీ అయిపోయింది. బండ్లు బాగుపడ్డాయి, దారులు నాలుగు వరసలయ్యాయి, క్లీనరు బత్తా మిగులుతుందని ఓనర్లకి అనిపించింది. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన కూడా 2018లో తీసేశారు. ఇప్పుడు చాలా లారీల్లో ఒక్కడే మనిషి. అతను ఎవరి పక్కనా కూర్చుని నేర్చుకోలేదు, అతని పక్కన నేర్చుకునేవాడూ లేడు.

దాని ఫలితం ధర్మపురి నుంచి సేలం వైపు దిగే తొప్పూరు ఘాటులో చూస్తున్నాం. ఇది తమిళనాడు మాటే కాదు. పుణెలో ఉన్న మన వాళ్ళకి కాత్రజ్ సొరంగం నుంచి నవలే వంతెనకి దిగే వాలు తెలుసు. బరంపురం వాళ్ళకి తప్తపాణి ఘాటు తెలుసు. బ్రేకు ఫెయిలైందని పేపర్లో ఒక్క ముక్క రాస్తారు. చాలాసార్లు బ్రేకు దానంతటదే ఫెయిలవదు. డీజిలు మిగులుతుందని వాలులో న్యూట్రల్ వేస్తారు, కొందరు ఇంజనే ఆపేస్తారు. అప్పుడు బరువంతా బ్రేకు మీదే పడుతుంది. డ్రమ్ము కాలి పట్టు పోతుంది. ఇంజను ఆగితే గాలి కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. మైలేజీ లెక్క అడిగే ఓనరు ఈ లెక్క కూడా తెలుసుకోవాలి.

పాత డ్రైవర్లు చెప్పే నాలుగు మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం. పిల్లలకి చదివి వినిపించండి.

బ్రేకు పడకపోతే ఇంజను ఆపకూడదు. గేరు ఒక్కొక్కటే తగ్గించాలి. కారైతే పెడలు టకటకా తొక్కి చూడాలి. గాలి బ్రేకు బండిలో అలా తొక్కితే ఉన్న గాలీ అయిపోతుంది. కారులో హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా లాగాలి. హారన్, నాలుగు లైట్లు వేసి, ఎత్తు వైపో, ఇసుక వైపో బండి తిప్పాలి.

యాక్సిలరేటర్ ఇరుక్కుంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, బ్రేకుతో ఆపాలి. తాళం చెవి బండి ఆగాకే తిప్పాలి.

టైరు పేలితే స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కాలు మెల్లగా తీయాలి. బ్రేకు గట్టిగా తొక్కితే బండి తిరగబడుతుంది.

బండి ఆగిపోతే ఎర్ర త్రికోణం చాలా వెనక పెట్టాలి. చక్రానికి అడ్డం పెట్టిన రాయి వెళ్ళేటప్పుడు తీసేయాలి. ఆ రాయి రాత్రి ఇంకొకరి ప్రాణం తీస్తుంది.

చదివితే వచ్చే విద్య కాదిది. అందుకే సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకుందాం. ఏడాదికి రెండు ఆదివారాలు, ఒక ఖాళీ మైదానం, రెండు ఖాళీ బండ్లు. నేర్పేది మన పాత డ్రైవర్లు, గౌరవంగా పిలిచి, బత్తా ఇచ్చి. నేర్చుకునేది లైసెన్సు వచ్చిన మన పిల్లలు, మన బండ్లు నడిపే ప్రతి డ్రైవరు. అతను ఏ భాష వాడైనా సరే. గేరుతో వేగం తగ్గించడం, నడుస్తుండగా న్యూట్రల్‌కి రావడం, చక్రం మార్చడం, చేత్తో వేడి చూడడం. నిదానంగా, పదిసార్లు, చేతికి అలవాటయ్యేదాకా.

క్లీనరుగా ఎక్కి డ్రైవరైన పెద్దలు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. చాలామందికి డెబ్బై దాటింది. వాళ్ళ చేతుల్లో ఉన్నది ఎక్కడా రాసి లేదు. మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఉంటే, ఆయన్ని సమావేశానికి మీరే దగ్గరుండి తీసుకురండి.