జేబుతుపాకిని నమ్మవచ్చునా?

జువ్వలదిన్నె ఒడ్డున పడవలు చేరు వేళ నిలుచుండి చూచినవారికి ఒక సంగతి బోధపడును. ఇచ్చట ఇనుమునకు ఆయువు తక్కువ. లంగరు గాని, గొలుసు గాని, చేపలు కోయు కత్తి గాని, పడవ యంత్రములోని చిన్న మర గాని, దేనికైనను నూనె పూసి కాపాడుకొననిచో ఉప్పుగాలి దానిని మెల్లమెల్లగా తినివేయును. "సముద్రము పెట్టినదే తినును" అన్నట్లు, మనకు మేలుచేయు కడలియే మన పనిముట్లకు శత్రువు.

ఈ తీరమున రొయ్యల వ్యాపారము చేయు మిత్రులొకరు ఆ మధ్య మమ్మొక ప్రశ్న అడిగిరి. చీకటివేళ డబ్బుతో ఒంటరిగా తిరుగవలసిన పని వారిది. "అయ్యా, లైసెన్సు దొరకినచో దినమును వెంట నుంచుకొనదగిన, ఎదుటివారికి కనబడని, నమ్మకమైన చేతితుపాకి ఏది? మీరు చరిత్ర చదివినవారు గదా, చెప్పుడు" అని. మేము తుపాకుల వర్తకులము గాము. అయినను ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయలేకపోయితిమి. ప్రాణభయముతో అడిగినవారికి సమాధానము చెప్పుట ధర్మము.

అన్నిటికంటె ముందు "నమ్మకము" అను మాటను విడదీసి చూడవలెను. తుపాకి విషయమున నమ్మకము రెండు విధములు. పేలవలసినప్పుడు పేలుట ఒకటి. పేలకూడనప్పుడు పేలకుండుట రెండవది. చేతితుపాకి చరిత్ర యంతయు ఈ రెంటి చుట్టును తిరిగినది.

ఈ తీరముననే దక్షిణమున దుర్గరాజపట్నము కలదు. దానినే ఆంగ్లేయులు ఆర్మగాన్ అనిరి. 1626లో వారచట వర్తకస్థానము నేర్పరచి కోట కట్టి ఫిరంగుల నుంచిరి. కోరమండల తీరమున వారు కట్టిన మొదటి కోట అదియే. 1639లో చెన్నపట్నమున స్థలము సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఈ ఆర్మగాన్ లోనే అధికారి. ఆ దినములలో మామూలు తుపాకి త్రాటినిప్పు తుపాకి. మండుచున్న త్రాటిని మందునకు తగిలించిన గాని అది పేలదు. వాన పడినచో త్రాడు ఆరును. చీకటిలో దాని వెలుగే శత్రువునకు జాడ చెప్పును. మండుచున్న త్రాటిని అంగీలోపల దాచుకొను సాహసి ఎవడు?

తుపాకిని దాచుటకు వీలు కల్పించినది యూరపులో 16వ శతాబ్ది ఆరంభమున పుట్టిన చక్రపు మర. తాళము త్రిప్పినట్లు త్రిప్పి ఉంచిన చిన్న ఉక్కుచక్రము, మీట నొక్కగానే గిరగిర తిరిగి, రాతికి రాచుకొని నిప్పురవ్వలు రాల్చును. త్రాటితో పని లేదు. తుపాకిని ముందుగానే సిద్ధపరచి దుస్తులలో దాచవచ్చును. ఆ సంగతిని దొంగలు, హంతకులు కూడ వెంటనే గ్రహించిరి. 1517లో మాక్సిమిలియన్ చక్రవర్తి ఆస్ట్రియాలో అట్టి మరలను నిషేధించెను. దాచదగిన తుపాకియు, దానిని అడ్డు శాసనమును దాదాపు కవలపిల్లలని మన మెరుగవలెను.

తరువాత చకుముకి తుపాకి వచ్చినది. అది చౌక, మరయు సులువు. కాని గొట్టము ప్రక్కనుండు చిన్న పళ్ళెములోని మందునకు తేమ తగిలినచో చకుముకి ఎంత కొట్టుకొన్నను ఫలము లేదు. మన జువ్వలదిన్నె వంటి చోట నైరుతిగాలి విసరు దినములలో అట్టి పిస్తోలును నమ్ముకొన్నవాని గతి ఊహించుకొనవచ్చును.

ఈ చిక్కును విప్పినవాడు సైనికుడు గాడు, స్కాట్లండు దేశపు మతగురువు. అలెగ్జాండర్ ఫోర్సైత్ అను నాతనికి పక్షుల వేట ప్రియము. పళ్ళెములోని మందు భగ్గుమన్న వెలుగునకు పక్షులు బెదరి గుండు చేరకముందే తప్పించుకొనుచుండెను. దెబ్బ తగిలినంతనే పేలు రసాయనమును ఉపయోగించు మరను ఆయన కనుగొని 1807లో హక్కుపత్రము పొందెను. దాని సంతతియే చిన్న రాగిటోపీ. దానితో తేమభయము చాలవరకు తీరినది.

అటుపిమ్మట మార్పులు వడివడిగా వచ్చినవి. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో తన రివాల్వరుకు హక్కుపత్రము పొందెను. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అరచేతిలో ఇముడు పిస్తోలులు చేసెను. 1865 ఏప్రిల్ 14వ తేదీన నాటకశాలలో అబ్రహాం లింకనును కొట్టినది ఆ డెరింజరే. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ వారు మందు, గుండు, పేలుడుపదార్థము ఒకే లోహపు తొడుగులో ఇమిడిన తూటాను కాల్చు రివాల్వరును తెచ్చిరి. 1900లో బ్రౌనింగ్ రూపొందించిన చిన్న పిస్తోలు బెల్జియము నుండి వెలువడెను. మనవారు "32 బోరు" అని పిలుచు పిస్తోలు తూటా దానితోడనే లోకమునకు వచ్చినది. అంగుళమును నూరుపాళ్ళు చేసిన అందులో 32 పాళ్ళ వెడల్పు అని దాని భావము.

ఇచ్చట మన మిత్రుని ప్రశ్నకు సగము సమాధానము దొరకును. రివాల్వరులో ఒక తూటా పేలనిచో మరల మీట నొక్కినంతనే తరువాతి గది ముందునకు వచ్చును. పిస్తోలులో అట్టి తూటాను చేతితో వెనుకకు లాగి బయట పడవేయవలెను; దాని తూటాలపెట్టెలోని తీగచుట్ట బలహీనపడినను, ఇసుక చేరినను అది మొరాయించును. కాని పిస్తోలు పలుచన. దుస్తులలో ఉబ్బు కనబడదు. తూటాలును ఎక్కువ పట్టును. ఉప్పుగాలికి రెండును లోకువయే. చెమట తగులునట్లు ఒంటికి ఆనించి మోయు తుపాకికి ఆ బెడద రెట్టింపు. తరచుగా తుడిచి నూనె వేయనివానికి ఏ కంపెనీ తుపాకియు నమ్మకమైనది గాదు. తోలు ఒరలోనే మాసములతరబడి వదలినచో ఆ తోలు పీల్చిన తేమయే ఉక్కును చెరచును.

రెండవ నమ్మకము సంగతి యేమి? పాతకాలపు రివాల్వరులలో సుత్తి నేరుగా తూటాపై ఆనియుండెడిది. తుపాకి నేల జారిపడినచో దానంతటదే పేలవచ్చును. అందుచేత తెలిసినవారు సుత్తి క్రింది గదిని ఖాళీగా నుంచెడివారు. 1890ల దశకమున అమెరికాలో ఐవర్ జాన్సన్ వారు మీటను పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే సుత్తి దెబ్బను తూటాకు చేర్చు ఒక పలకను నడుమ అమర్చిరి. యంత్రము చేయగలిగినది అంతవరకే. మీటపై వ్రేలు ఎవరిదన్నది ఏ పలకయు అడుగదు.

ఇక మన దేశపు కథ. 1857 తిరుగుబాటు తరువాత తెల్లదొరలు ప్రజల చేతి ఆయుధములపై కన్ను వేసిరి. లిట్టన్ ప్రభువు కాలమున, 1878లో, ఆయుధముల చట్టము వచ్చినది. ఐరోపావారికి మినహాయింపు, మనవారికి లైసెన్సు. 1887లో మద్రాసున జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సడలింపుమని కోరెను. అహింసను నమ్మిన గాంధీగారు సైతము 1918లో, జాతి నంతటిని నిరాయుధను గావించిన ఆ చట్టము బ్రిటిషు పాలన దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదని వ్రాసిరి. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు కూడ ఒకటి.

అయినను స్వరాజ్యము వచ్చిన పిదప ఆ హక్కు రాజ్యాంగమున చేరలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామత్ దానిని చేర్పుమని కోరగా అంబేద్కర్ అంగీకరింపలేదు. 1959లో స్వతంత్ర భారతపు ఆయుధముల చట్టమై, 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినది. జాతిభేదము లేదు, లైసెన్సు మాత్రము నిలిచినది. అది హక్కు గాదు, అధికారి విచారించి ఇచ్చు అనుమతి. సైన్యము, పోలీసులు వాడు 9 మిల్లిమీటర్ల, 38 బోరుల వంటి కొలతలు సామాన్యునకు నిషిద్ధములు. అందుచేతనే మన దేశమున చేతితుపాకి అనగా తరచు 32 బోరు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము ఆ కొలతలో ఆరుతూటాల రివాల్వరును చేసినది. 2014లో స్త్రీల కొరకని సుమారు 500 గ్రాముల తూకముగల "నిర్భీక్" రివాల్వరును వెలువరించినది. నాటి ధర లక్షా ఇరువది వేల రూపాయలకు మించినది. 2016 నాటి నియమములు శిక్షణను, భద్రముగా దాచు ఏర్పాటును కోరుచున్నవి. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. పెండ్లిళ్ళలో ఊరేగింపులలో వేడుకకు కాల్చుట శిక్షార్హమైన నేరము. ఎన్నికలు వచ్చినచో లైసెన్సు తుపాకులను పోలీసు ఠాణాలో అప్పగింపుమని ఉత్తరువులు వచ్చుట మనమందరము ఎరిగినదే. మన ప్రాణరక్షకుడని నమ్ముకొన్నది ఆ దినములలో ఠాణా బీరువాలో నుండును.

ఈ కథలో మేము దాటిపోలేని దినమొకటి కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారు మన నెల్లూరు చెంత, పెన్న ఒడ్డున, పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. ఇరువదియేడేండ్ల తరువాత ఢిల్లీలో, 1948 జనవరి 20న, ఆయన ప్రార్థనసభ వద్ద బాంబు ప్రేలెను. సభకు వచ్చువారిని పోలీసులు సోదా చేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. పదిదినములు గడచినవి. జనవరి 30 సాయంకాలము, ఒకడు దుస్తులలో దాచి తెచ్చిన ఇటలీ దేశపు బెరెట్టా పిస్తోలు మూడుమారులు పేలెను.

ఆ పిస్తోలు మొరాయించలేదు. తూటా ఒకటియు తప్పలేదు. యంత్రముగా చూచిన అది మిక్కిలి నమ్మకమైనదే! నాలుగువందల యేండ్లు కమ్మరులు, మతగురువులు, కర్మాగారములు కలిసి సాధించిన మొదటి నమ్మకము ఆనాడు లోపము లేక పనిచేసినది. రెండవ నమ్మకము ఉక్కులో లేదు గనుక దానిని ఎవరును ఆపలేకపోయిరి.

మా మిత్రునకు మేము ఈ విధముగా చెప్పితిమి. "లైసెన్సు దొరకి, కొనదలచినచో, చట్టము ఒప్పిన కొలతలో, మర సులువైన రివాల్వరు మేలు. శిక్షణ పొందుడు. తూటాలను మూడేసి యేండ్లు పెట్టెలో మురుగనీయకుడు. కాని మొదట ఇంటికి పోయి ఒక్కమారు చూడుడు. రాత్రి వచ్చి ఒర విప్పి ఎక్కడ పెట్టెదరు? దిండు క్రిందనా? మీ మనుమడు దాగుడుమూతలాడు బీరువాలోనా? మీకు కోపము వచ్చిన దినమున అది ఎక్కడ నుండును? ఈ ప్రశ్నలకు జవాబు దొరకిన తరువాతనే అంగడికి పొండు. అసలు ఆ డబ్బును చీకటిలో మోయవలసిన పని తప్పించు ఉపాయము కలదేమో అదియు విచారింపుడు. డబ్బు వెంట లేనివానిని దారిలో కాచువా డెవడు?"

వారు వెంటనే ఏమియు అనలేదు. ఒడ్డున ఒక ముదుసలి జాలరి లంగరునకు నూనె పూయుచుండగా కొంతసేపు చూచుచు నిలుచుండిరి. "లంగరైనచో తప్పు చేసిన పడవ ఒక్కటే కొట్టుకొనిపోవును" అని మాత్రము అనిరి. దరఖాస్తు కాగితము ఇంకను వారి జేబులోనే యున్నది.