‘శక్తి’ అంటే ఎనర్జీయా, పవరా? సరిహద్దు విద్యార్థికి ప్రవేశ పరీక్షల పదజాలం

భౌతికశాస్త్రంలో ‘శక్తి’ అనే మాట కనిపించగానే తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి దాన్ని ఎనర్జీగా గ్రహిస్తాడు. హిందీ మాధ్యమంలో చదివిన విద్యార్థికి అదే ‘శక్తి’ పవర్. మొదటిదాన్ని జౌళ్లలోనూ, రెండోదాన్ని వాట్లలోనూ కొలుస్తారు. 100 వాట్ల బల్బు 10 సెకన్లలో ఖర్చు చేసేది 1,000 జౌళ్లు. ఐచ్ఛిక సమాధానాల్లో 100, 1,000 రెండూ ఉన్నప్పుడు, సూత్రం తెలిసిన విద్యార్థి కూడా ఒక్క మాట వల్ల తప్పు గడిని ఎంచుకోవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూర్ వంటి సరిహద్దు ప్రాంతాల విద్యార్థులకు ప్రవేశ పరీక్షల్లో ఎదురయ్యే ప్రత్యేక చిక్కు ఇదే. అరుదైన పదాలు తెలియకపోవడం ఇక్కడ సగం సమస్య మాత్రమే. తెలిసిందనుకున్న పదం మరో భాషలో మరో అర్థంతో రావడం మిగిలిన సగం.

మూడు భాషల నడుమ ఉసూర్

2007లో దంతేవాడ నుంచి విడదీసి బీజాపూర్ జిల్లాను ఏర్పాటు చేశారు. అందులోని నాలుగు బ్లాకుల్లో ఉసూర్ ఒకటి. దీనికి దక్షిణాన తెలంగాణ ఉంది. రెండు రాష్ట్రాల నడుమ కర్రెగుట్టల వరుస హద్దుగా నిలుస్తుంది. ఈ ప్రాంతంలోని ఆదివాసీ కుటుంబాలు ఇంట్లో గోండీ గానీ, దానికి దగ్గరైన దోర్లీ లేదా కోయ గానీ మాట్లాడతాయి. బంధుత్వాలు, కూలిపనులు, వ్యాపారం కారణంగా తెలుగు వినిపిస్తుంది. బడి, ప్రభుత్వ కార్యాలయం మాత్రం హిందీలో నడుస్తాయి.

2005 తర్వాత తీవ్రమైన సంఘర్షణ కాలంలో బీజాపూర్, దంతేవాడ ప్రాంతాల్లోని అనేక గ్రామాల్లో పాఠశాలలు మూతపడ్డాయి. కొన్ని కుటుంబాలు సరిహద్దు దాటి గోదావరి పరిసర అడవులకు తరలిపోయాయి. ఆ కుటుంబాల పిల్లల్లో కొందరు తెలుగు బడుల్లో చేరగా, ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్నవారు హిందీ బడుల్లో కొనసాగారు. ఒకే ఇంటిభాష గల పిల్లలు ఒకే శాస్త్రాన్ని రెండు వేర్వేరు పరిభాషల్లో నేర్చుకున్నారు. కొందరు చదువు మధ్యలో ఒక పరిభాష నుంచి మరో పరిభాషకు మారవలసి వచ్చింది.

పరీక్షలు ఏం కోరుతున్నాయి?

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి ఉమ్మడి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) ప్రధాన మార్గమైంది. బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉంది. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్ట సవరణతో ఉసూర్‌కు పొరుగున ఉన్న ములుగు జిల్లాలో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. కొండకు అటుపక్కనే ఉన్నత విద్యకు ఒక ద్వారం తెరుచుకున్నట్లయింది.

సీయూఈటీలో 13 భాషలకు ప్రశ్నపత్రాలున్నాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వాటిలో ఉన్నాయి. భాషా పత్రంలో పఠనావగాహనతో పాటు పర్యాయపదాలు, వ్యతిరేకార్థకాలు, సందర్భానికి తగిన పదం ఎంపిక, వాక్యభాగాల క్రమం వంటివి అడుగుతారు. 2025 విధానం ప్రకారం ఒక్కో పత్రంలో 50 ప్రశ్నలుంటాయి, వ్యవధి 60 నిమిషాలు. సరైన సమాధానానికి 5 మార్కులు వస్తాయి, తప్పు సమాధానానికి ఒక మార్కు పోతుంది. పదం అర్థాన్ని పొరబడితే, సరిగా రాసినవారికంటే 6 మార్కులు వెనుకబడినట్లే.

వైద్య విద్యకు నిర్వహించే నీట్‌లో 2025లో 180 ప్రశ్నలకు 180 నిమిషాల సమయం ఇచ్చారు. ప్రశ్నకు ఒక నిమిషం. పదం దగ్గర ఆగి ఆలోచించే వ్యవధి అందులో ఉండదు.

ఒకే మాట, రెండు అర్థాలు

తెలుగు, హిందీ రెండూ సంస్కృతం నుంచి వేలాది పదాలను స్వీకరించాయి. అందువల్ల ఒక భాష తెలిసినవారికి రెండోది సులువన్న అభిప్రాయం ఏర్పడింది. అది కొంతవరకు నిజమే. బలం, త్వరణం, జడత్వం, పరమాణువు, అణువు వంటి శాస్త్రపదాలు రెండు భాషల్లోనూ ఒకే అర్థంలో ఉన్నాయి. కానీ రూపం ఒకటే ఉండి అర్థం వేరైన పదాలు కూడా తక్కువేమీ కాదు. రూపం పూర్తిగా కొత్తదైతే విద్యార్థి జాగ్రత్తపడతాడు. పరిచితంగా కనిపించే పదం దగ్గర అతడు ఆగడు.

దరఖాస్తు పత్రం పేరుతోనే ఈ తేడా మొదలవుతుంది. హిందీలో ‘ఆవేదన్’ అంటే దరఖాస్తు. తెలుగులో ‘ఆవేదన’ మనోవ్యథ. హిందీ ‘శిక్షా’ చదువు, తెలుగు ‘శిక్ష’ దండన. హిందీ ‘ఉపన్యాస్’ నవల, తెలుగు ‘ఉపన్యాసం’ ప్రసంగం. హిందీ ‘అవకాశ్’ సెలవు కాగా, తెలుగు ‘అవకాశం’ వీలు. హిందీలో ‘అనుమాన్’ అంచనాను, తెలుగులో ‘అనుమానం’ సందేహాన్ని సూచిస్తాయి. హిందీ ‘ఆగ్రహ్’ పట్టుదలతో కూడిన కోరిక, తెలుగు ‘ఆగ్రహం’ కోపం.

ఆర్థికశాస్త్రంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. హిందీ ‘ఉద్యోగ్’కు తెలుగులో సమానపదం పరిశ్రమ. హిందీ ‘పరిశ్రమ్’కు సమానమైనది శ్రమ లేదా కష్టించడం. తెలుగు ‘ఉద్యోగా’న్ని హిందీలో ‘నౌకరీ’ అంటారు. హిందీ ‘వ్యవసాయ్’ వృత్తి లేదా వ్యాపారం కాగా, తెలుగు ‘వ్యవసాయం’ సాగు. వృత్తుల గురించిన హిందీ పట్టికను తెలుగు అర్థంతో చదివితే సమాధానం పొలంలోకి వెళ్లిపోతుంది.

విజ్ఞానశాస్త్రంలోనూ ఇలాంటి జంటలున్నాయి. తెలుగు ‘శక్తి’కి హిందీలో ‘ఊర్జా’, హిందీ ‘శక్తి’కి తెలుగులో ‘సామర్థ్యం’ సమానాలు. హిందీ ‘కణ్’ అంటే పదార్థకణం మాత్రమే. తెలుగు జీవశాస్త్రంలో ‘కణం’ అంటే సెల్, దాన్ని హిందీలో ‘కోశికా’ అంటారు. హిందీ ‘ఉత్పత్తి’ ఆవిర్భావాన్ని, తెలుగు ‘ఉత్పత్తి’ తయారీని సూచిస్తాయి. తెలుగులో ‘సమ్మేళనం’ రసాయన పదార్థం, హిందీలో దానికి ‘యౌగిక్’ అన్న పేరుంది. హిందీ ‘సమ్మేలన్’ సభ.

పరిభాష ఎందుకు వేరైంది?

శాస్త్ర సాంకేతిక పరిభాష కోసం కేంద్ర ప్రభుత్వం 1961లో ఒక సంఘాన్ని నియమించింది. ఉన్నత స్థాయి తెలుగు పాఠ్యపుస్తకాల కోసం 1968లో హైదరాబాద్‌లో తెలుగు అకాడమి ఏర్పడింది. హిందీ, తెలుగు పరిభాషలు రెండూ సంస్కృత ధాతువుల మీదనే ఆధారపడినా, ఒక్కో భావనను ఒక్కో కోణం నుంచి చూశాయి. ఫొటోసింథసిస్ అన్న పదంలో కాంతి, కూర్పు అనే రెండు భావాలున్నాయి. హిందీ ‘ప్రకాశ్ సంశ్లేషణ్’ వాటినే వరుసగా అనువదించింది. తెలుగు ‘కిరణజన్య సంయోగక్రియ’ కిరణాల వల్ల జరిగే కలయికగా ఆ ప్రక్రియను వివరించింది. రెండూ సరైనవే. కానీ ఒకదాని నుంచి మరొకటి ఊహించడం సాధ్యం కాదు.

ఇంటిభాష అడ్డంకి కాదు

13 పరీక్షా భాషల్లో గోండీ గానీ, కోయ గానీ లేవు. అయినా భావనలు తొలుత స్థిరపడేది ఇంటిభాషలోనే. ఈ భాషలకు తెలుగుతో దగ్గరి చుట్టరికం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండీ, కోయ మూడూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. గోండీలో చేతిని ‘కై’, చెవిని ‘కెవి’ అంటారు. మూల ద్రావిడంలోని ‘క’కారం తెలుగులో ఇ, ఎ స్వరాలకు ముందు ‘చ’కారంగా మారడమే ఈ తేడాకు కారణం. ఇలాంటి సంబంధాన్ని ఒకసారి చూపితే దేశ్య తెలుగు పదాలు విద్యార్థికి పరాయివిగా తోచవు.

శాస్త్రభావనలకు ఊరి పనులే ఉదాహరణలు. ఇప్పపువ్వు ఎండలో ఆరడం తెలుగులో ‘బాష్పీభవనం’, హిందీలో ‘వాష్పీకరణ్’. ఎండిన పువ్వు నీళ్లలో నాని ఉబ్బడంలో ‘ద్రవాభిసరణ’కు పాత్ర ఉంది. దానికి హిందీ పదం ‘పరాసరణ్’. ఇప్పసారా కాచే కుండలో ఆవిరి లేచి, చల్లబడి, చుక్కలుగా దిగడం ‘స్వేదనం’. హిందీలో దాన్ని ‘ఆసవన్’ అంటారు. హిందీ ‘స్వేదన్’ చెమట పట్టడానికి సంబంధించినది. కళ్లెదుట జరిగే పనికి పేరు తగిలించినప్పుడు, ఆ పేరు ఏ భాషలో ఉన్నా మనసులో నిలుస్తుంది.

సాధన ఎలా?

మొదటి మెట్టు నాలుగు గళ్ల నోటుపుస్తకం. మొదటి గడిలో భావనను ఇంటిభాషలో గానీ, బొమ్మగా గానీ ఉంచాలి. తర్వాతి మూడు గళ్లలో హిందీ, తెలుగు, ఇంగ్లిష్ పదాలు రాయాలి. పదం నుంచి పదానికి కాక, భావన నుంచి పదానికి వెళ్లడం దీని ఉద్దేశం. భౌతిక రాశులకు ప్రమాణం కూడా చేర్చాలి. జౌల్ అని రాసి ఉంటే ‘శక్తి’ విషయంలో పొరపాటుకు తావుండదు. అర్థం మారే జంటలకు పుస్తకం చివర ప్రత్యేక పుటలు కేటాయించి, ఒక్కో మాటకు రెండు భాషల్లోనూ ఒక్కో వాక్యం రాసుకోవాలి.

రెండోది విరామాలతో పునశ్చరణ. నేర్చుకున్న విషయం మొదటి రోజుల్లోనే వేగంగా మరుగున పడుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో ప్రయోగపూర్వకంగా చూపారు. దీనికి విరుగుడుగా సెబాస్టియన్ లైట్నర్ 1972లో చీటీల పెట్టె పద్ధతిని ప్రచారం చేశారు. చీటీకి ఒకవైపు పదం, మరోవైపు అర్థం రాయాలి. సరిగా చెప్పగలిగిన చీటీ తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పినది మొదటి అరకు తిరిగి వస్తుంది. మొదటి అరను రోజూ, తర్వాతి అరలను క్రమంగా ఎక్కువ వ్యవధితో తిరగేయాలి. దీనికి ఇంటర్నెట్ గానీ, విద్యుత్తు గానీ అవసరం లేదు. పాత అట్టముక్కలు చాలు.

మూడోది ఇంగ్లిష్ పదజాలాన్ని పరిమితంగా ఎంచుకోవడం. ఉన్నత విద్యా గ్రంథాల్లో తరచూ కనిపించే 570 పద కుటుంబాలతో అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక జాబితాను ప్రచురించారు. రోజుకు ఆరు చొప్పున నేర్చుకుంటే 95 రోజుల్లో అది పూర్తవుతుంది. బరువైన నిఘంటువును కంఠస్థం చేయడం కంటే ఇది ప్రయోజనకరం.

భాష ఎంపికే తొలి ప్రశ్న

నీట్ నిబంధనల ప్రకారం తెలుగు, ఇంగ్లిష్ ద్విభాషా ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే లభిస్తుంది. హిందీ, ఇంగ్లిష్ పత్రం దేశమంతటా దొరుకుతుంది. జేఈఈ మెయిన్‌లోనూ ప్రాంతీయ భాషలకు ఇదే పద్ధతి. కాబట్టి ఉసూర్ విద్యార్థి తెలుగును ఎంచుకుంటే పరీక్షాకేంద్రం కోసం సరిహద్దు దాటవలసిందే. ఛత్తీస్‌గఢ్‌లోనే రాస్తే హిందీ పరిభాషపై పట్టు తప్పనిసరి. అనువాదంలో సందిగ్ధత ఏర్పడితే ఇంగ్లిష్ పాఠాన్నే తుది ప్రమాణంగా తీసుకుంటారు. ఏ భాష ఎంచుకున్నా కీలకమైన ఇంగ్లిష్ పదాలు తెలిసి ఉండటం అందుకే మేలు.

తెలుగు బాగా మాట్లాడగలగడం తెలుగులో పరీక్ష రాయడానికి సరిపోదు. 11, 12 తరగతుల పాఠాలు ఏ భాషలో చదివారన్నదే ఇక్కడ నిర్ణాయకం. దరఖాస్తు నింపడానికి ముందే రెండు భాషల్లోని పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని రాసి, మార్కులు పోల్చి చూసుకోవాలి. ఏ పత్రంలో పదాల దగ్గర తక్కువసార్లు ఆగవలసి వచ్చిందో, ఆ విద్యార్థికి అదే పరీక్షాభాష.